ఆ పిల్లకి ఏమీ గుర్తుండదు

మొన్న మా స్టాఫ్‌రూమ్‌లో మాటల మధ్య దెయ్యం సినిమాల సంగతి వచ్చింది. మా సీనియర్ ఒకాయన, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, టీ గ్లాసు కింద పెట్టి ఖరాఖండీగా తేల్చేశారు: "ఇంగ్లీషు దెయ్యం సినిమాలు పిల్లలతో కూర్చుని చూడలేం మేడమ్. అన్నీ టీనేజి పిల్లలూ, వాళ్ళ పాడు వేషాలూ. మనవాళ్ళవే నయం. భయం ఉంటుంది, బూతు ఉండదు." పక్కనే ఉన్న ఇంగ్లీషు మేడమ్ కూడా ఆ సినిమాల్నే తిట్టింది, కానీ వేరే కారణంతో. ప్రేమలో పడ్డ పిల్లనల్లా చంపేస్తారు, బుద్ధిగా ఇంట్లో కూర్చున్నదాన్ని బతికిస్తారు, మన నాయనమ్మలు చెప్పే నీతే కదా అని. ఇంతలో బెల్లు కొట్టారు, ఎవరి క్లాసుకు వాళ్ళం వెళ్ళిపోయాం.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. సినిమాల గురించి రాసే అర్హత అంతకుమించి లేదు. కానీ ఆయన మాట నన్ను వదల్లేదు, ఎందుకంటే అందులో ఒక నిజం ఉంది. మన దెయ్యం సినిమాల్లో పదహారు పదిహేడేళ్ళ పిల్లకు కోరిక అంటూ ఉండదు. కోపం కూడా ఉండదు. ఒకవేళ ఉంటే అది ఎప్పుడో చచ్చిపోయిన ఇంకొకరి కోపం అయివుంటుంది. ఆయన 'నయం' అంటున్నది దీన్నే. నన్ను మాత్రం ఈ సినిమాల్లో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇదే.

తప్పు చేస్తే చావు అనే లెక్క

ముందు ఇంగ్లీషు మేడమ్ మాట చూద్దాం. అది కొట్టిపారేయదగ్గది కాదు. 'హాలోవీన్' (1978) మొదలవడమే అలా మొదలవుతుంది. బాయ్‌ఫ్రెండ్ వెళ్ళిపోయాక గదిలో ఒంటరిగా ఉన్న అక్కను ఆరేళ్ళ తమ్ముడు కత్తితో పొడిచి చంపుతాడు. ఆ సీనంతా మనం వాడి కళ్ళతోనే చూస్తాం. వాడు మాస్కు తగిలించుకున్నాక ఆ మాస్కు కన్నాల్లోంచి చూస్తాం. వాడు పెద్దవాడై తిరిగొచ్చాక పోయే అమ్మాయిలూ బాయ్‌ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళే. చిన్నపిల్లల్ని కనిపెట్టుకుని ఇంట్లో ఉన్న లారీ అనే అమ్మాయి మాత్రం ఊలు సూదితో, బట్టల హ్యాంగరుతో, చివరికి వాడి కత్తితోనే ఎదురు తిరిగి బతికి బయటపడుతుంది.

దర్శకుడు జాన్ కార్పెంటర్ దీన్ని ఒప్పుకోలేదు. మిగతా పిల్లలు తమ ధ్యాసలో ఉండి చుట్టూ చూసుకోలేదు, లారీ చూసుకుంది, నేనెవరికీ శిక్ష వేయలేదన్నది ఆయన వాదన. దర్శకులు అలాగే అంటారు, దాన్ని వదిలేద్దాం. నాకు ఆ లెక్క మీద అనుమానం పుట్టించింది 'ఫ్రైడే ది 13త్' (1980). అందులో హంతకురాలు ఒక తల్లి. క్యాంపులో పిల్లల్ని చూసుకోవాల్సిన కుర్రవాళ్ళు తమ సరసాల్లో తాముండగా తన కొడుకు నీళ్ళలో మునిగిపోయాడని ఆమె పగ. మరి ప్రేమించుకునే పిల్లలు చావాలనే తీర్పు ఎవరిది? సినిమాదా, సినిమాలో మతి చెడిన మనిషిదా? ఆ తీర్పును తెచ్చి హంతకురాలి చేతిలో పెట్టిన సినిమాను పట్టుకుని, ఇది సినిమా చెప్పే నీతే అనడం తొందరపాటని నాకనిపిస్తుంది. అలాగని అదేదో కళాఖండం అనను. సగం సేపు నాకు విసుగొచ్చింది.

ఇక 1996లో 'స్క్రీమ్' వచ్చేసరికి ఈ లెక్క నవ్వులాటైపోయింది. హారర్ సినిమాలో బతికి బట్టకట్టాలంటే పాటించాల్సిన రూల్సు ఒక కుర్రాడు పార్టీలో నిలబడి వల్లిస్తుంటాడు. అదే ఇంట్లో పై గదిలో హీరోయిన్ సిడ్నీ శృంగారం జోలికి పోవద్దన్న మొదటి రూలే తప్పుతుంది. అయినా చావదు. తన పక్కనున్నవాడే హంతకుడని తెలిశాక వాడి సంగతి కూడా తనే చూస్తుంది.

కెరోల్ క్లోవర్ అని బర్క్‌లీలో ప్రొఫెసరు. ఆవిడ అసలు సబ్జెక్టు ఐస్‌లాండ్ పాత వీరగాథలు. అవి చదువుకుంటూనే ఈ కత్తిపోట్ల సినిమాలు కూడా వరసపెట్టి చూసి 1987లో ఒక వ్యాసం, 1992లో ఒక పుస్తకం రాసింది. చివరిదాకా మిగిలే అమ్మాయికి 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది ఆవిడే. హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళు. మొదట్లో హంతకుడి కళ్ళతో చూసినవాళ్ళే, చివరికొచ్చేసరికి ఆ అమ్మాయి పక్షాన చేరి ఆమె భయాన్ని తాము భయపడతారు అంటుంది క్లోవర్. అందుకే ఆ అమ్మాయికి లారీ, సిడ్నీ లాంటి ఆడా మగా ఇద్దరికీ సరిపోయే పేర్లు పెట్టడం పరిపాటి.

ఇది నేను గాంధీనగర్‌లో ఒక థియేటర్లో కళ్ళారా చూశాను. ఏదో డబ్బింగు దెయ్యం సినిమా. నా వెనక వరసలో ఇంజినీరింగ్ కుర్రాళ్ళు. హీరోయిన్ మెట్లు దిగుతుంటే ఆమె నడక మీద కామెంట్లు, ఈలలు. సెకండాఫ్‌లో ఆ అమ్మాయే మంచం కింద దూరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి వరసంతా బిగుసుకుపోయింది. వాళ్ళలో ఒకడు చిన్నగా, దాదాపు ఏడుపు గొంతుతో "కదలకే తల్లీ, కదలకు" అన్నాడు. బయటికెళ్ళి బండెక్కాక మళ్ళీ మామూలు మనిషే అయ్యుంటాడు. కానీ ఆ కాసేపు వాడు ఆ మంచం కింద ఉన్నాడు. ఈ సినిమాలు ఆడపిల్లల మీద కక్షే అని ఎవరైనా అంటే నాకు ముందు వాడే గుర్తొస్తాడు.

ఎవరూ చెప్పని మాట

నా చేత ఇవన్నీ చూపించింది మా మేనకోడలు. గుంటూరులో డిగ్రీ చదువుతోంది. సెలవులకు మా ఇంటికొస్తే రాత్రిపూట లాప్‌టాప్ ముందు నన్నూ కూర్చోబెడుతుంది. 'క్యారీ' (1976) అలాగే చూశాం. స్టీఫెన్ కింగ్ నవల, డిపాల్మా సినిమా. స్కూల్లో ఆటల పీరియడ్ అయ్యాక స్నానం చేస్తుండగా క్యారీకి మొదటిసారి నెలసరి వస్తుంది. అదేంటో ఆ పిల్లకి తెలీదు. చచ్చిపోతున్నాననుకుని రక్తం అంటిన చేతులతో తోటి పిల్లల్ని పట్టుకుని కాపాడమని ఏడుస్తుంది. వాళ్ళు నవ్వుతూ ప్యాడ్లు తీసి ఆమె మీదికి విసురుతారు. ఇంటికెళ్తే తల్లి ఇది పాపఫలితం అని ఒక చీకటి అరలోకి తోసి తాళం వేస్తుంది.

మా మేనకోడలు సినిమా ఆపి, "వాళ్ళమ్మ ముందే ఒక్కమాట చెప్పుంటే అసలీ కథే లేదు కదత్తా" అంది.

నిజమే. వెంటనే నాకు తట్టింది మన పరిస్థితి. మన దగ్గర చెప్పకపోవడమేం లేదు, ఊరంతా చెప్తాం. మూలన చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతాం. మేనమామ బట్టలు, పందిరి, ఫొటో షూట్, భోజనాలు. గుంటూరులో మా పుట్టింటి సందు మొదట్లో ఒకసారి ఒక ఫ్లెక్సీ చూశాను. పట్టులంగా ఓణీలో ఎనిమిదో తరగతి పిల్ల నిలువెత్తు ఫొటో, పైన శుభాకాంక్షలు, కింద వరసలో వార్డు నాయకుల ముఖాలు. ఆ పిల్ల ఆ ఫ్లెక్సీ కిందనుంచే సైకిల్ మీద స్కూలుకెళ్తోంది, తల దించుకుని. ఇంత చేసి, అసలు ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అంటే లేదు. సెకండియర్ జువాలజీలో మానవ ప్రత్యుత్పత్తి పాఠానికొచ్చేసరికి నా క్లాసులో సగంమంది పిల్లలు పుస్తకంలోకి తల దూర్చేస్తారు. ఫంక్షన్ ఘనంగా జరిగిన పిల్లలే, మూడు నాలుగేళ్ళు నెలనెలా అనుభవించిన పిల్లలే, క్లాసయ్యాక కారిడార్‌లో పట్టుకుని అడిగే ప్రశ్నలు వింటే కడుపు తరుక్కుపోతుంది.

'క్యారీ' మీద నాకూ అభ్యంతరాలున్నాయి. ఆ మొదటి సీన్లో కెమెరా ఆ స్నానాల గదిలో తీరిగ్గా, మెల్లగా తిరుగుతుంది. పక్కన మేనకోడల్ని పెట్టుకుని చూడటం నాకు ఇబ్బందిగానే ఉంది. ఆడపిల్ల ఒళ్ళంటేనే మగ దర్శకుడికి భయమనీ, ఆ భయాన్నే మనకు అమ్ముతున్నాడనీ ఎవరైనా అంటే కాదనలేను. మొదట్లో నెలసరి రక్తం, చివర్లో ప్రామ్ అనే స్కూలు డాన్సు వేడుకలో వేదిక మీద నెత్తిన కుమ్మరించిన పంది రక్తం. ఈ రెంటికీ ముడిపెట్టడంలోనే ఆ చూపు తెలుస్తోంది.

అయినా ఒక్క విషయంలో నేను ఆ సినిమా వైపే. ఆ హాలు తలుపులు బిగిసిపోయి మంటలు లేచినప్పుడు, చూపుతోనే వస్తువుల్ని కదిలించే శక్తితో ఆ పని చేస్తున్నది క్యారీయే. దెయ్యం పట్టలేదు. ఎవరి ఆత్మా దూరలేదు. ఆ శక్తి ఆమెది, ఆ అవమానం ఆమెది, ఆ కోపం ఆమెది. తప్పో ఒప్పో తర్వాతి మాట. పదిహేడేళ్ళ పిల్లకు ఇంత కోపం ఉండొచ్చని ఆ సినిమా నమ్మింది.

'జింజర్ స్నాప్స్' (2000) అనే కెనడా సినిమాలో ఇదే సంగతి హాస్యంతో ఉంటుంది. నెలసరి మొదలైన రాత్రే ఒక పిల్లను తోడేలు కరుస్తుంది. ఆమె మెల్లగా తోడేలుగా మారుతుంటుంది. అక్కాచెల్లెళ్ళు భయపడి స్కూలు నర్సు దగ్గరికెళ్తే ఆవిడ నవ్వుమొహంతో అంతా మామూలేనని ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి పంపేస్తుంది. మా మేనకోడలు ఆ సీను రెండోసారి వేసుకుని నవ్వింది.

ఖాళీ వాటా

ఇప్పుడు మనవాటికొద్దాం. రామ్‌గోపాల్‌వర్మ ఇక్కడి సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివాడు కాబట్టి బెజవాడవాళ్ళం ఆయన్ని కాస్త మావాడిగానే లెక్కేసుకుంటాం. 'రాత్రి' (1992) ఇప్పటికీ మన భాషలో ఒళ్ళు జలదరించే సినిమా. కొత్త ఇంట్లో దిగిన కుటుంబం, కాలేజీకెళ్ళే కూతురు, పిల్లి. రేవతి కళ్ళు మారిపోయినప్పుడల్లా నాకు ఈనాటికీ భయమే. కానీ ఆ కళ్ళు మారినప్పుడల్లా అక్కడున్నది ఆ పిల్ల కాదు. ఆమె ఒళ్ళు ఒక ఖాళీ వాటా, ఎవరో వచ్చి దిగారు, ఖాళీ చేయించాలి. సినిమా కథంతా ఆ ఖాళీ చేయించడం గురించే.

'మసూద' (2022) ఎంతో శ్రద్ధగా తీసిన సినిమా. ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న తల్లిగా సంగీత చేసిన పాత్ర నాకు బాగా నచ్చింది. పక్కింటి పిరికి కుర్రాడికి కూడా ఒక భయం, ఒక ప్రేమ, ఒక ఎదుగుదల ఉన్నాయి. ఆ దెయ్యానికి వెనకటి కథ ఉంది. మరి దెయ్యం పట్టిన నాజియా? ఆ పిల్లకు ఏం ఇష్టం, ఎవరి మీద కోపం, తండ్రి గురించి మనసులో ఏముంది? సినిమా అయ్యాక ఆలోచిస్తే నాకేమీ తట్టలేదు. మంచం మీద విరుచుకుపడటానికే ఉంది పాపం.

మగవాడికి దెయ్యం పట్టిన సినిమా పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 'కాంచన' (2011)లో లారెన్స్‌కు ఒక ట్రాన్స్ స్త్రీ ఆత్మ పడుతుంది. వాడు గాజులేసుకుని, చీర కట్టుకుని నడుస్తుంటే హాలంతా ఒకటే నవ్వులు. ఫ్లాష్‌బ్యాక్‌లో ఆ కాంచనగా శరత్‌కుమార్ వచ్చేసరికి ఆ నవ్వినవాళ్ళే నిశ్శబ్దమైపోతారు. ఆ సినిమాను చాలామంది తీసిపారేస్తారు గానీ అది సామాన్యమైన విషయం కాదు. దాన్ని పక్కన పెడితే, అందులో నాకు ముఖ్యమనిపించింది ఇంకోటి. మొదట అడక్కుండానే పట్టినా, కాంచన కథంతా విన్నాక హీరో మనసు కరిగి, ఈసారి తన ఒంట్లోకి రమ్మని తనే ఒప్పుకుంటాడు. మగవాడి ఒంట్లోకి మళ్ళీ రావాలంటే దెయ్యానికి కూడా అనుమతి కావాలి. ఆడపిల్లను అలా అడిగిన దెయ్యాన్ని నేను మన తెరమీద చూడలేదు.

గుర్తులు కూడా అలాగే ఉంటాయి. జడ ఊడిందంటే దెయ్యం వచ్చినట్టు, జడ వేశారంటే పోయినట్టు. మల్లెపూలు, గజ్జెల చప్పుడు, తెల్లచీర. ఇవేవీ సినిమావాళ్ళు కనిపెట్టినవి కావు. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటుంటే "సందెవేళ ఆ జుట్టు విరబోసుకుని దెయ్యంలా ఏంటే" అని తిట్లు తినని ఆడపిల్ల మన జిల్లాల్లో ఉందా? పూలు పెట్టుకుని చింతచెట్టు కిందికి వెళ్ళొద్దు, లేత ఒళ్ళు, గాలి సోకుతుంది అనేవాళ్ళు. మగపిల్లలకు ఆ చెట్టు కింద గోలీలాట.

మగవాళ్ళకూ ఒక భయం లేకపోలేదు. నా చిన్నప్పుడు ఇళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవాళ్ళు, రాత్రిపూట వచ్చి పేరుపెట్టి పిలిచే దెయ్యానికి భయపడి. ఆ దెయ్యం మర్యాద చూడండి, తలుపు మీద రాసింది చదువుకుని, సరేనని వెళ్ళిపోయేది.

ఇక బూతు ఉండదన్న మా సీనియర్ గారు 'అవును' (2012) చూశారో లేదో. అందులో దెయ్యమే మగవాడు. కొత్తగా పెళ్ళైన అమ్మాయి వెంట ఇల్లంతా, స్నానాల గదితో సహా, కెమెరా ఆ దెయ్యం కళ్ళై తిరుగుతుంది. 'హాలోవీన్' మొదటి సీన్లో చూసింది మన దగ్గర సినిమా పొడుగునా ఉంటుంది.

గుర్తుంది మేడమ్

ఇంతవరకూ రాసింది నాకే అంత సులువుగా నిలబడనివ్వని సంగతి ఒకటుంది.

కొన్నేళ్ళ కిందట విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పనిచేశాను. గర్ల్స్ క్యాంపస్. ఫస్టియర్ బైపీసీలో ఒక పల్లెటూరి పిల్ల ఉండేది. అటెండెన్స్‌కు పలికే "ఎస్ మేడమ్" తప్ప ఆ పిల్ల గొంతు నేను విన్నది లేదు. ఒక రాత్రి స్టడీ అవర్లో లేచి నిలబడి, రిబ్బన్లు లాగేసి, జుట్టు విరబోసుకుని, వార్డెన్‌ను "ఏమే" అని పిలిచిందట. ఎర్రగా చూస్తూ, "ఈ పిల్లని ఇంటికి పంపు. పంపకపోతే ఒక్కొక్కదాన్నీ తీసుకుపోతా" అందట. వార్డెన్ అంటే హడలిపోయే పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి ఏడుపులు. తెల్లారేసరికి గేటుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. తండ్రి తాయెత్తుతో వచ్చి కూతుర్ని తీసుకెళ్ళాడు. గాలి సోకిందన్నారు. ఆ ర్యాంకుల గోల, ఆ తిండి, ఆదివారం ఫోన్ కోసం క్యూలో నిలబడటం గురించి ఎవరూ ఒక్కమాట అనలేదు. కొన్నాళ్ళకు ఆ పిల్ల ఊళ్ళో పిన్ని ఇంట్లో ఉంటూ డే స్కాలర్‌గా తిరిగొచ్చింది. ఎవరడిగినా తనకేమీ గుర్తులేదనే చెప్పింది.

ఆ ఏడాది చివర్లో ఆ పిల్ల పక్క మంచం అమ్మాయి రికార్డు దిద్దించుకోవడానికి వచ్చి, మాటల్లో నాతో అంది: "దానికి అన్నీ గుర్తున్నాయి మేడమ్. గుర్తులేదంటేనే కదా వదిలేస్తారు."

ఈ మాట ముందు నా వాదన కొంచెం తడబడుతుంది. క్యారీ అందర్నీ తగలబెట్టి తనూ చచ్చింది. ఈ పిల్ల ఎవర్నీ చంపకుండా ఇంటికెళ్ళింది. జాతర్లలో పూనకం వచ్చిన కోడలు అత్తను నిలదీస్తే ఇంటిల్లిపాదీ చేతులు జోడించి "ఏం కావాలి తల్లీ" అని అడగడం మనం చూసిందే. మామూలప్పుడు ఆ కోడలికి మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. అలాంటప్పుడు, నా కోపం నాది కాదు అనడం ఓటమి ఎలా అవుతుంది? క్యారీకి తెలియని తెలివి ఇది. (ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా కనకదుర్గమ్మను తెస్తారు. దసరాకు బాలాత్రిపురసుందరిగా అలంకరించి, ఆ తర్వాత మహిషాసురమర్దినిగా కొలిచే ఊరికి ఆడపిల్ల కోపం కొత్తా అని. అమ్మవారికి సోమవారం వీక్లీ టెస్ట్ ఉండదు.)

కానీ మన సినిమాలు ఆ తెలివిని చూపించడం లేదు. దెయ్యం వదిలాక ఆ పిల్ల కళ్ళు తెరిచి, నాకేమైంది అని అడుగుతుంది, తల్లి కావలించుకుంటుంది, అయిపోతుంది. 'చంద్రముఖి' (2005) అయితే దెయ్యమే లేదు, అంతా గంగ మనసే అని డాక్టరు చేత చెప్పించింది. అంత చెప్పి కూడా చివరికి చంద్రముఖి మాయమై, భర్తకు పాత గంగ దక్కితే చాలనుకుంది. ఆ కోపం గంగకెందుకొచ్చిందో గంగను అడిగినవాళ్ళు లేరు. గుర్తులేదన్న మాటను వార్డెన్ నమ్మినట్టే సినిమా కూడా నమ్మేస్తోంది. పక్క మంచం పిల్లకు తెలిసిన సంగతి మన రచయితలకు తెలియకుండా ఉంటుందా?

ఇదంతా మా మేనకోడలికి చెప్తే ఒప్పుకోలేదు. తన వాదనకు 'జెన్నిఫర్స్ బాడీ' (2009) తెచ్చింది. దర్శకురాలూ రచయిత్రీ ఇద్దరూ ఆడవాళ్ళే. మెగాన్ ఫాక్స్ బొమ్మ పెట్టి కుర్రాళ్ళ సినిమాగా అమ్మితే అప్పట్లో ఆడలేదు, ఏళ్ళ తర్వాత అమ్మాయిలు దాన్ని వెతుక్కుని మరీ చూశారు. ఒక పాటల బ్యాండ్ కుర్రాళ్ళు పేరు కోసం జెన్నిఫర్‌ను సైతానుకు బలి ఇస్తారు, కన్యే అనుకుని. కాకపోవడంతో ఆమె చావకుండా పిశాచమై కుర్రాళ్ళను తినడం మొదలుపెడుతుంది. "చూడత్తా, ఆమెలో ఉన్నదీ దెయ్యమే కదా, అదీ మగవాళ్ళు పెట్టిందే. అది మాత్రం ఆమె సొంత కోపం ఎలా అవుతుంది?"

జెన్నిఫర్‌కు గుర్తుంది, అన్నాను. ఆ రాత్రి అడవిలో ఆ కుర్రాళ్ళు ఏం చేశారో తన స్నేహితురాలు నీడీకి తన నోటితో తనే చెప్తుంది.

"గుర్తుండి ఏం లాభం, చివరికి చచ్చిందిగా. చంపింది కూడా ఆ స్నేహితురాలే."

చచ్చింది, నిజమే. కానీ జెన్నిఫర్ చెప్పింది కాబట్టే ఎవర్ని వెతకాలో నీడీకి తెలిసింది. చివర్లో పేర్లు పడుతుండగా నీడీ ఆ బ్యాండ్ వాళ్ళు దిగిన హోటలుకు వెళ్ళి వాళ్ళ పని పట్టింది కూడా. మా మేనకోడలు ఆ పేర్లు పడేముందే లాప్‌టాప్ మూసేసిందట. ఆ ముక్క మళ్ళీ పెట్టి చూపించాల్సి వచ్చింది.